రూటింగ్ టేబుల్‌లో నేను పెట్టని ఎంట్రీలు కనిపిస్తున్నాయి: ఇవి ఎక్కడివి, తీసేయవచ్చా?

తుంగభద్ర (ప్రశ్న)

నమస్కారం. నేను హైదరాబాద్‌లోని ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. ఆఫీసు నెట్‌వర్క్‌కు కమాండ్ లైన్‌లో ఓపెన్‌వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రమైన సొరంగం, అంటే వీపీఎన్, వేసే ప్రోగ్రామ్) నడిపి కనెక్ట్ అవుతాను. కొద్ది రోజులుగా ఆఫీసులోని ఒక టెస్ట్ సర్వర్, 172.18.5.20, నా ల్యాప్‌టాప్‌కు అందడం లేదు. 10.20తో మొదలయ్యే మిగతా సర్వర్లన్నీ మామూలుగా తెరుచుకుంటున్నాయి, సహోద్యోగుల ల్యాప్‌టాప్‌ల నుంచి ఈ టెస్ట్ సర్వర్ కూడా తెరుచుకుంటోంది. నేను పింగ్ చేస్తే మాత్రం 172.18.0.1 అనే అడ్రస్ నుంచి 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని సమాధానం వస్తోంది. ఆ 172.18.0.1 ఎవరిదో నాకు తెలియదు.

కారణం వెతుకుతూ రూటింగ్ టేబుల్‌ను, అంటే ఏ అడ్రస్‌కు వెళ్లే ప్యాకెట్‌ను ఎటు పంపాలో చెప్పే జాబితాను, 'ఐపీ రూట్' కమాండ్ ఇచ్చి చూస్తే ఇది వచ్చింది. చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. వీపీఎన్ సర్వర్ అసలు అడ్రస్‌కు బదులు ఉదాహరణల కోసం కేటాయించిన అడ్రస్ పెట్టాను.

0.0.0.0/1 వయా 10.8.0.1 డెవ్ టన్0
డిఫాల్ట్ వయా 192.168.1.1 డెవ్ డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 ప్రోటో డీహెచ్‌సీపీ మెట్రిక్ 600
10.8.0.0/24 డెవ్ టన్0 ప్రోటో కెర్నెల్ స్కోప్ లింక్ సోర్స్ 10.8.0.6
128.0.0.0/1 వయా 10.8.0.1 డెవ్ టన్0
169.254.0.0/16 డెవ్ డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 స్కోప్ లింక్ మెట్రిక్ 1000
172.17.0.0/16 డెవ్ డాకర్0 ప్రోటో కెర్నెల్ స్కోప్ లింక్ సోర్స్ 172.17.0.1 లింక్‌డౌన్
172.18.0.0/16 డెవ్ బీఆర్-4ఎఫ్7సీ ప్రోటో కెర్నెల్ స్కోప్ లింక్ సోర్స్ 172.18.0.1 లింక్‌డౌన్
192.168.1.0/24 డెవ్ డబ్ల్యూఎల్‌పీ3ఎస్0 ప్రోటో కెర్నెల్ స్కోప్ లింక్ సోర్స్ 192.168.1.34 మెట్రిక్ 600
192.168.122.0/24 డెవ్ విర్‌బీఆర్0 ప్రోటో కెర్నెల్ స్కోప్ లింక్ సోర్స్ 192.168.122.1 లింక్‌డౌన్
203.0.113.10 వయా 192.168.1.1 డెవ్ డబ్ల్యూఎల్‌పీ3ఎస్0

(బీఆర్ తర్వాతి పేరు నిజానికి ఇంకా పొడుగ్గా ఉంది, కుదించాను.)

వీటిలో మా ఇంటి వైఫై ఎంట్రీ తప్ప ఏదీ నేను పెట్టింది కాదు. 0.0.0.0/1, 128.0.0.0/1 అనే రెండింటినీ చూస్తే ఎవరో ట్రాఫిక్ అంతటినీ తమవైపు మళ్లించుకున్నట్టు అనిపిస్తోంది. 169.254 ఎంట్రీని తీసేస్తే, మెషీన్ రీస్టార్ట్ చేయగానే మళ్లీ వచ్చింది. ల్యాప్‌టాప్‌లోకి ఎవరైనా చొరబడ్డారా? వీటిలో వేటిని తీసేయవచ్చు?

ఓరుగల్లు (జవాబు)

తుంగభద్ర గారూ, ఏ ఎంట్రీనీ ఇప్పుడే తీసేయకండి. ఈ జాబితాలో చొరబాటుకు గుర్తు నాకేదీ కనబడలేదు. టెస్ట్ సర్వర్ అందకపోవడానికి కారణం మాత్రం ఇందులోనే ఉంది, అయితే అది మీరు అనుమానించిన ఎంట్రీలలో లేదు.

రూటింగ్ టేబుల్ చదివేటప్పుడు ముందుగా చూడవలసింది అడ్రస్ కాదు, ఆ ఎంట్రీని ఎవరు పెట్టారన్నది. లైనక్స్ దాన్ని 'ప్రోటో' అన్న మాట పక్కన చెబుతుంది. 'ప్రోటో కెర్నెల్' అంటే ఒక ఇంటర్‌ఫేస్‌కు (వైఫై లాంటి నెట్‌వర్క్ ద్వారానికి) అడ్రస్ ఇచ్చిన వెంటనే లైనక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ తనంతట తాను చేర్చుకున్నదని అర్థం. 'ప్రోటో డీహెచ్‌సీపీ' అంటే రౌటర్ నుంచి డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో చేరిన మెషీన్‌కు అడ్రస్, దారి వివరాలు ఇచ్చే పద్ధతి) ద్వారా అందింది. అసలు ప్రోటో అన్న మాటే లేని ఎంట్రీలు మీ జాబితాలో నాలుగు ఉన్నాయి. అలాంటివి సాధారణంగా ఏదో ఒక ప్రోగ్రామో స్క్రిప్టో, లేదా కీబోర్డ్ ముందు కూర్చున్న మనిషో రూట్ యాడ్ పద్ధతిలో చేర్చినవి. వాటికి కెర్నెల్ లోపల 'బూట్' అన్న గుర్తు ఉంటుంది, కానీ మామూలుగా చూపించేటప్పుడు దాన్ని దాచేస్తుంది. 'ఐపీ' పక్కన డీ ఆప్షన్ పెట్టి అడిగితే బయటపడుతుంది.

ఆ నాలుగింటిలో మూడు మీ ఓపెన్‌వీపీఎన్ పెట్టినవే. ఐపీవీ4 అడ్రస్‌లన్నిటినీ సరిగ్గా సగానికి చీలిస్తే 0.0.0.0/1 మొదటి సగం, 128.0.0.0/1 రెండో సగం. ఈ రెండూ కలిసి డిఫాల్ట్ రూట్ చేసే పనే చేస్తాయి. అలాంటప్పుడు డిఫాల్ట్ రూట్‌నే మార్చకుండా రెండు సగాలు ఎందుకంటే, రౌటర్ ఇచ్చిన డిఫాల్ట్‌ను ముట్టుకోకుండానే దానిపై పైచేయి సాధించడానికి. వీపీఎన్ ఆగిపోయినా, మధ్యలో కుప్పకూలినా టన్0 ఇంటర్‌ఫేస్‌తో పాటు ఆ రెండు సగాలూ పోతాయి, మీ పాత డిఫాల్ట్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, ఇంటి ఇంటర్నెట్ తెగిపోదు. ఓపెన్‌వీపీఎన్ కాన్ఫిగరేషన్‌లో 'రీడైరెక్ట్-గేట్‌వే' పక్కన 'డెఫ్1' అని ఉంటే జరిగేది ఇదే. చివర ఉన్న 203.0.113.10 ఎంట్రీ కూడా ఈ కుటుంబానిదే. వీపీఎన్ సర్వర్‌కు వెళ్లే ప్యాకెట్లు మళ్లీ వీపీఎన్ లోపలికే దూరితే బయటపడే దారి ఉండదు కాబట్టి, ఆ ఒక్క అడ్రస్‌ను ఇంటి రౌటర్ ద్వారానే పంపమని చెబుతుంది. దాన్ని తీసేస్తే వీపీఎన్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

నాలుగోది 169.254.0.0/16. డీహెచ్‌సీపీ సర్వర్ లేనిచోట కంప్యూటర్లు తమకు తామే అడ్రస్ ఇచ్చుకుని పక్క మెషీన్లతో మాట్లాడుకోవడానికి కేటాయించిన శ్రేణి అది. 2005లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 3927గా ప్రమాణమైంది. ఉబుంటులో ఆవాహీ ప్యాకేజీతో వచ్చే స్క్రిప్ట్ దాన్ని చేరుస్తుంది. అందుకే మీరు తీసేసినా తిరిగి వచ్చింది. మెట్రిక్ అంటే ప్రాధాన్య సంఖ్య, తక్కువైతే ముందు; 1000 అంటే అదే శ్రేణికి తక్కువ మెట్రిక్‌తో మరో దారి లేకపోతేనే వాడమని. దానివల్ల మీకు ఏ నష్టమూ లేదు, అలా ఉండనివ్వండి.

విర్‌బీఆర్0 అనేది లిబ్‌వర్ట్ ద్వారా వర్చువల్ మెషీన్లు నడిపే వారి దగ్గర కనిపించే బ్రిడ్జ్ (ల్యాప్‌టాప్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్ స్విచ్), 192.168.122.0/24 దాని మామూలు శ్రేణి. డాకర్0 అనేది డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడివిడి గదుల్లో నడిపే సాధనం) పెట్టిన బ్రిడ్జ్. ఇక బీఆర్‌తో మొదలై అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ పొడుగు పేరుది డాకర్ కంపోజ్ మీ ప్రాజెక్ట్ కోసం విడిగా సృష్టించిన బ్రిడ్జ్. బీఆర్ తర్వాత ఉండే 12 గుర్తులు ఆ డాకర్ నెట్‌వర్క్ ఐడీలోని మొదటి 12 గుర్తులే కాబట్టి, 'డాకర్ నెట్‌వర్క్ ఎల్‌ఎస్' ఇచ్చి చూస్తే అది ఏ ప్రాజెక్ట్‌దో తెలిసిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఒక అడ్రస్‌కు రెండు మూడు ఎంట్రీలు సరిపోయినప్పుడు కెర్నెల్ అన్నిటికంటే పొడుగైన ప్రిఫిక్స్ ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. ప్రిఫిక్స్ అంటే అడ్రస్‌లో సరిపోలవలసిన మొదటి భాగం, / తర్వాతి అంకె దాని పొడవును బిట్లలో చెబుతుంది. తపాలా పిన్‌కోడ్‌లో మొదటి అంకె 5 చూస్తే ఉత్తరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలలో ఎక్కడికైనా వెళ్లవచ్చు. 500 అని మూడు అంకెలు చూసినవారు దాన్ని నేరుగా హైదరాబాద్ సంచిలో వేస్తారు. 172.18.5.20కు 128.0.0.0/1 ఎంట్రీ సరిపోతుంది, కానీ అక్కడ సరిపోలింది ఒకే ఒక్క బిట్. 172.18.0.0/16 ఎంట్రీతో 16 బిట్లు సరిపోలుతాయి. అందువల్ల ఆఫీసుకు వెళ్లవలసిన ప్యాకెట్ మీ ల్యాప్‌టాప్‌లోని డాకర్ బ్రిడ్జ్‌లోకి వెళ్తోంది. మెట్రిక్ సంగతి ఇక్కడ లెక్కలోకే రాదు. ఒకే పొడవున్న ప్రిఫిక్స్‌ల మధ్య పోటీ ఉన్నప్పుడే మెట్రిక్ చూస్తారు. పింగ్‌కు సమాధానమిచ్చిన 172.18.0.1 ఎవరిదని అడిగారు కదా, ఆ ఎంట్రీ చివర 'సోర్స్' పక్కనే ఉంది చూడండి. అది మీ ల్యాప్‌టాప్ అడ్రసే. బ్రిడ్జ్ మీద 172.18.5.20 ఎవరని ఏఆర్‌పీలో (ఒకే నెట్‌వర్క్‌లో అడ్రస్ ఎవరిదో కనుక్కునే పద్ధతిలో) అడిగి, ఎవరూ పలకకపోవడంతో మీ కెర్నెలే మీకు ఆ జవాబు చెబుతోంది.

'లింక్‌డౌన్' అని ఉంది కదా, అయినా ఎలా వాడుతోందన్న సందేహం రావచ్చు. ఆ బ్రిడ్జ్‌కు ప్రస్తుతం కంటైనర్ ఏదీ తగిలించి లేదని మాత్రమే దాని అర్థం. లింక్‌డౌన్ ఎంట్రీలను పక్కన పెట్టమని ప్రత్యేకంగా సెట్టింగ్ మారిస్తే తప్ప లైనక్స్ వాటిని వాడుతూనే ఉంటుంది. కంటైనర్లను ఆపినంత మాత్రాన ఈ సమస్య పోకపోవడానికి కారణం అదే.

నిర్ధారించుకోవడానికి 'ఐపీ రూట్ గెట్ 172.18.5.20' అని ఒకసారి, 'ఐపీ రూట్ గెట్ 10.20.3.7' అని మరోసారి ఇచ్చి ఏమొచ్చిందో చెప్పండి. టేబుల్‌ను మనం కళ్లతో చదివి ఊహించేదాని కంటే ఫలానా ప్యాకెట్‌ను ఎటు పంపుతావని కెర్నెల్‌నే అడగడం నమ్మకమైన పద్ధతి.

కొల్లేటి కొంగ (జవాబు)

ఓరుగల్లు గారి వివరణతో నేను ఏకీభవిస్తున్నాను. చొరబాటు గురించి ప్రశ్నలో అడిగారు కాబట్టి ఆ ఒక్క విషయం చేరుస్తాను, ఎందుకంటే రూటింగ్ టేబుల్ ద్వారా నిజంగానే హాని చేసే దారి ఒకటుంది.

డీహెచ్‌సీపీలో 121వ ఆప్షన్ ద్వారా రౌటర్ మీ మెషీన్‌కు ఎన్ని రూట్లనైనా పంపవచ్చు. 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3442గా వచ్చిన ఈ సదుపాయాన్ని కార్యాలయాల్లో సక్రమంగానే వాడుతుంటారు. అయితే హోటల్ వైఫై లాంటి చోట అదే నెట్‌వర్క్‌లో కూర్చున్న దుర్బుద్ధి గలవారు సొంత డీహెచ్‌సీపీ సర్వర్ నడిపి, వీపీఎన్ పెట్టిన /1 ఎంట్రీల కంటే పొడుగైన ప్రిఫిక్స్‌లను పంపితే, ఓరుగల్లు గారు చెప్పిన సూత్రం ప్రకారం ఆ ట్రాఫిక్ వీపీఎన్‌లోకి వెళ్లకుండా వారి గేట్‌వే మీదుగా బయటకు పోతుంది. వీపీఎన్ మాత్రం కనెక్ట్ అయ్యే ఉందని చూపిస్తుంది. 2024 మే నెలలో లెవయాథన్ సెక్యూరిటీ పరిశోధకులు టన్నెల్‌విజన్ అన్న పేరుతో దీన్ని బయటపెట్టారు. భద్రతా లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2024-3661. ఆండ్రాయిడ్ ఈ 121వ ఆప్షన్‌ను పట్టించుకోదు కాబట్టి ఆ ఫోన్లకు ఈ బెడద లేదు. విండోస్, లైనక్స్, మ్యాక్‌లలో ఉంది.

కాబట్టి బయటి వైఫైలో ఉన్నప్పుడు మీరు చూడవలసింది 'ప్రోటో డీహెచ్‌సీపీ' అని ఉండి, వైఫై ఇంటర్‌ఫేస్ మీదుగా వెళ్తూ, డిఫాల్ట్ కాకుండా విడివిడి శ్రేణులకో ఒక్కొక్క అడ్రస్‌కో దారి చూపే ఎంట్రీల కోసం. మీ జాబితాలో ప్రోటో డీహెచ్‌సీపీ ఉన్నది ఒక్క డిఫాల్ట్‌కే, అది కూడా మీ ఇంటి రౌటర్‌దే. భయపడవలసిన పని లేదు.

దీనికి తిరగేసిన పరిస్థితి కూడా తెలిసి ఉండటం మంచిది. వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్‌ను డబ్ల్యూజీ-క్విక్‌ కమాండ్‌తో మొత్తం ట్రాఫిక్ కోసం నడిపేవారికి 'ఐపీ రూట్' జాబితాలో మార్పేమీ కనబడక, వీపీఎన్ పనిచేయడం లేదనిపిస్తుంది. అది తన డిఫాల్ట్ రూట్‌ను 51820 అనే వేరే టేబుల్‌లో పెట్టి, ఏ ప్యాకెట్ ఏ టేబుల్ చూడాలో నియమాల ద్వారా చెబుతుంది. 'ఐపీ రూల్' ఇస్తే ఆ నియమాలు, 'ఐపీ రూట్ షో టేబుల్ 51820' ఇస్తే ఆ ఎంట్రీ కనిపిస్తాయి. మనం రోజూ చూసే జాబితా మెయిన్ అనే ఒక్క టేబుల్ మాత్రమే.

తుంగభద్ర

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు కమాండ్లూ ఇచ్చాను. 10.20.3.7కు 'వయా 10.8.0.1 డెవ్ టన్0' అని, 172.18.5.20కు 'డెవ్ బీఆర్-4ఎఫ్7సీ సోర్స్ 172.18.0.1' అని వచ్చింది. డాకర్ నెట్‌వర్క్ జాబితాలో చూస్తే ఆ బ్రిడ్జ్ ఈమధ్య మొదలుపెట్టిన ఒక ప్రాజెక్ట్‌దని తెలిసింది. మరో సంగతి. వీపీఎన్ కనెక్ట్ అయి ఉన్నప్పుడు ఆ ప్రాజెక్ట్‌ను మొదటిసారి లేపబోతే, కేటాయించడానికి ఖాళీ అడ్రస్ శ్రేణి దొరకలేదన్న అర్థంలో డాకర్ ఎర్రర్ ఇచ్చింది. వీపీఎన్ ఆపేసి నడిపితే నడిచింది. దీనికీ దానికీ సంబంధం ఉందా? ఇప్పుడు దీన్ని సరిచేయడం ఎలా?

ఓరుగల్లు (జవాబు)

నేరుగా సంబంధం ఉంది. డాకర్ కొత్త నెట్‌వర్క్‌కు తన మామూలు శ్రేణులు, అంటే 172.17 నుంచి 172.31 వరకు ఉన్నవి, ఆపైన 192.168లోని ముక్కలు, వరుసగా చూస్తూ, రూటింగ్ టేబుల్‌లో ఉన్న ఎంట్రీలతో ఢీకొనని దాన్ని ఎంచుకుంటుంది. వీపీఎన్ పెట్టిన రెండు సగాలూ ఉన్నప్పుడు లోకంలోని ప్రతి అడ్రస్ ఎవరో వాడుతున్నట్టే దానికి కనబడుతుంది. చాలా డాకర్ వెర్షన్లలో ఆ ఎర్రర్ వచ్చేది అందుకే. వీపీఎన్ ఆపితే మీ ఆఫీసులో 172.18 వాడుతున్నారని తెలుసుకునే దారి దానికి లేదు, 172.17 తర్వాత ఖాళీగా కనబడిన 172.18ను తీసుకుంది. మీ ఆఫీసూ, డాకరూ 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం ఎవరైనా వాడుకోగల ప్రైవేట్ శ్రేణి నుంచే తీసుకున్నారు కాబట్టి తప్పు ఎవరిదీ అనలేం.

ఈ పూట పని గడవాలంటే 'ఐపీ రూట్ యాడ్ 172.18.5.20/32 వయా 10.8.0.1 డెవ్ టన్0' అని సూడోతో ఇవ్వండి. /32 అన్నిటికంటే పొడుగైన ప్రిఫిక్స్ కాబట్టి అదే నెగ్గుతుంది. వీపీఎన్ తెగితే ఈ ఎంట్రీ కూడా పోతుంది, మళ్లీ ఇవ్వాలి.

శాశ్వతంగా సరిచేయాలంటే డాకర్‌కు వేరే శ్రేణి ఇవ్వాలి. ఈటీసీ డైరెక్టరీలోని డాకర్ ఫోల్డర్‌లో ఉండే డీమన్ డాట్ జేసన్ ఫైల్‌లో 'డిఫాల్ట్-అడ్రస్-పూల్స్' అనే సెట్టింగ్‌కు బేస్ 10.200.0.0/16, సైజ్ 24 అని రాస్తే, ఒక్కొక్క ప్రాజెక్ట్‌కు /24 చొప్పున 256 నెట్‌వర్క్‌లకు సరిపోతుంది. మామూలుగా డాకర్ ఒక చిన్న ప్రాజెక్ట్‌కు కూడా 65 వేలకు పైగా అడ్రస్‌లున్న /16ను ధారాళంగా ఇచ్చేస్తుంది. నాకు అది ఎప్పుడూ సరైన నిర్ణయమనిపించలేదు. 10.200 కూడా మీ ఆఫీసులో వాడుకలో లేదని నెట్‌వర్క్ బృందాన్ని ముందుగా అడిగి తెలుసుకోండి, లేకపోతే ఇదే గొడవ మరోచోట మొదలవుతుంది.

ఫైల్ మార్చి డాకర్‌ను రీస్టార్ట్ చేసినా, ఉన్న నెట్‌వర్క్‌లు పాత శ్రేణిలోనే ఉంటాయి. వీపీఎన్ ఆపి, ఆ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో 'డాకర్ కంపోజ్ డౌన్' ఇచ్చి మళ్లీ 'అప్' ఇవ్వండి, అప్పుడే కొత్త శ్రేణితో బ్రిడ్జ్ ఏర్పడుతుంది. డౌన్‌కు వీ ఆప్షన్ చేర్చకండి. చేరిస్తే వాల్యూమ్‌లతో పాటు మీ డేటాబేస్ కూడా పోతుంది. వీపీఎన్ ఆపడం కుదరనివారు కంపోజ్ ఫైల్‌లోనే ఆ నెట్‌వర్క్‌కు సబ్‌నెట్‌ను స్పష్టంగా రాసుకోవచ్చు. అప్పుడు డాకర్ ఖాళీ శ్రేణి కోసం వెతకదు.

మీ నెట్‌వర్క్ బృందానికి కూడా ఒక మాట చెప్పండి. వీపీఎన్ సర్వర్ నుంచి 172.18.5.0/24కు ప్రత్యేకంగా రూట్ పంపిస్తే, /24 మీ /16 కంటే పొడుగైనది కాబట్టి, డాకర్ వాడే మిగతా ఉద్యోగులకు ఈ ఇబ్బంది రాకుండా చాలావరకు ఆపవచ్చు.

మంజీర (మరో ప్రశ్న)

నేను విండోస్ వాడతాను. 'రూట్ ప్రింట్' ఇస్తే 224.0.0.0, 255.255.255.255 అనే వరుసలు నాలుగైదుసార్లు వస్తున్నాయి. పైగా 172.24తో మొదలయ్యే ఒక శ్రేణి ఉంది, రీస్టార్ట్ చేశాక చూస్తే అది వేరే అంకెలకు మారింది. ఇవి కూడా ఇలాంటివేనా?

కొల్లేటి కొంగ (జవాబు)

మంజీర గారూ, 224.0.0.0 మల్టీకాస్ట్‌ది, 255.255.255.255 బ్రాడ్‌కాస్ట్‌ది. విండోస్ వాటిని ప్రతి ఇంటర్‌ఫేస్‌కూ ఒకసారి రాస్తుంది కాబట్టి ఎన్ని అడాప్టర్లుంటే అన్నిసార్లు కనబడతాయి. 127తో మొదలయ్యేవి ఆ మెషీన్ తనతో తాను మాట్లాడుకునేవి. మెట్రిక్ గడిలో 331, 281 లాంటి అంకెలుంటే కంగారు పడకండి. రూట్ మెట్రిక్ 256కు ఇంటర్‌ఫేస్ మెట్రిక్ కలిపితే వచ్చే మొత్తాలవి.

మారిపోతున్న 172.24 శ్రేణి బహుశా డబ్ల్యూఎస్‌ఎల్‌దో (విండోస్‌లో లైనక్స్ నడిపేది), హైపర్-వీ (విండోస్ వర్చువల్ మెషీన్ సదుపాయం) డిఫాల్ట్ స్విచ్‌దో అయి ఉంటుంది. నెట్‌మాస్క్ 255.255.240.0 అని ఉంటే దాదాపు ఖాయం. అది రీస్టార్ట్ చేసినప్పుడు వేరే శ్రేణి తీసుకోగలదు, కాబట్టి ఆఫీసు శ్రేణితో ఒకరోజు ఢీకొని మరునాడు మానేయడం కూడా జరుగుతుంది. తప్పనిసరిగా చూడవలసింది జాబితా అడుగున ఉండే 'పర్సిస్టెంట్ రూట్స్' భాగం. రూట్ యాడ్‌కు పీ ఆప్షన్ చేర్చి పెట్టినవి రిజిస్ట్రీలో నిలిచిపోయి, ప్రతి రీస్టార్ట్‌కూ తిరిగి వస్తాయి. పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌ను తీసేశాక కూడా అక్కడ మిగిలిపోయిన ఎంట్రీలుంటాయి. గేట్‌వే ఇప్పుడు లేని అడ్రస్‌ను చూపుతుంటే, దాన్ని ఎవరు పెట్టారో తెలుసుకున్నాక 'రూట్ డిలీట్'తో తీసేయవచ్చు.

తుంగభద్ర

ఓరుగల్లు గారు చెప్పినట్టే చేశాను. 10.200 ఖాళీగానే ఉందని నెట్‌వర్క్ బృందం చెప్పింది. పూల్ మార్చి ప్రాజెక్ట్‌ను దించి లేపాక 172.18 ఎంట్రీ పోయి, దాని స్థానంలో 10.200తో మొదలయ్యే /24 ఒకటి వచ్చింది. వీపీఎన్ కనెక్ట్ చేసి 'ఐపీ రూట్ గెట్ 172.18.5.20' ఇస్తే ఇప్పుడు టన్0 చూపిస్తోంది, సర్వర్ తెరుచుకుంది. సర్వర్ నుంచి 172.18.5.0/24 రూట్ పంపే విషయం వారికి రాసి పెట్టాను. మా జట్టులో డాకర్ వాడే మరో ఇద్దరికి కూడా ఇదే ఇబ్బంది ఉందట.